మోటారు నిజంగా కాలిపోయిందా?

ఇంటింటి ఇంజనీరింగు

బట్టలుతికే యంత్రం ఆగిపోయిన ఇంట సాధారణంగా వినిపించే మొదటి తీర్పు ఒక్కటే: "మోటారు కాలిపోయిందండీ, మార్చాలి." యంత్రం వెనుక పలక విప్పకముందే, మీటరు చేతబట్టకముందే ఈ తీర్పు వెలువడుతుంది. ఒక్కొక్కసారి అది నిజమే కావచ్చు. కాని మోటారు తిరగకపోవడం వేరు, మోటారు చెడిపోవడం వేరు. తిరగకపోవడానికి గల కారణాలలో అనేకం మోటారుకు వెలుపలనే ఉంటాయి: ప్లగ్గులో, టైమరులో, కెపాసిటరులో, బెల్టులో, బ్రేకు తీగలో, చివరికి ఎలుక పంటి గాటులో. వీటిలో దేనిని సరిచేయడానికైనా అయ్యే ఖర్చు సాధారణంగా కొత్త మోటారు వెలకన్న ఎంతో తక్కువ. పైగా, అసలు దోషాన్ని అలాగే ఉంచి మోటారును మాత్రం మార్చితే కొత్త మోటారుకు కూడా అదే గతి పట్టవచ్చు.

ఈ సంచికలో మేము పాఠకులకు విన్నవించదలచినవి రెండే మాటలు. మొదటిది: కొలిచిన తర్వాతనే తీర్పు. రెండవది: కొలవడానికి ముందు ప్రాణరక్షణ. ఇందులో రెండవదానినే ముందుగా ప్రస్తావిస్తాము.

ముందుగా భద్రత

మన కర్మాగారాలలో ఒక చిన్న పంపు మోటారును విప్పవలసి వచ్చినా వర్క్ పర్మిట్ లేనిదే స్పానరు పట్టము. సరఫరా తెంపి, ఫ్యూజులు తీసి, స్విచ్చుకు తాళం వేసి, 'మనుషులు పనిచేయుచున్నారు' అన్న పలక తగిలించి, విద్యుత్తు లేదని పరీక్షించి రూఢి చేసుకొన్న తర్వాతనే చేయి పెడతాము. ముప్పై ఏళ్ళపాటు ఈ క్రమశిక్షణను తు.చ. తప్పక పాటించిన ఉద్యోగి సైతం, ఇంటికి రాగానే, ప్లగ్గు గోడలో ఉండగానే తడికాళ్ళతో యంత్రం వెనుకకు వంగడం మేము చూశాము. కర్మాగారంలోని 415 వోల్టులకు ఇచ్చే మర్యాదను ఇంటిలోని 230 వోల్టులకు ఇవ్వము. నిజానికి ఇంటిలో ప్రమాదానికి అనువైన పరిస్థితులే ఎక్కువ. నేల తడి, చేతులు తడి, కాళ్ళకు చెప్పులుండవు, పక్కన హెచ్చరించేవారూ ఉండరు.

తడిసిన శరీరపు నిరోధం వెయ్యి ఓముల ప్రాంతానికి దిగవచ్చును. 230 వోల్టులను వెయ్యి ఓములతో భాగిస్తే వచ్చేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో కొద్ది భాగం చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఇంతటి స్వల్ప ప్రవాహాన్ని లెక్కచేయదు. అది వైర్లను కాపాడేందుకు పెట్టినదే గాని మనిషిని కాపాడేందుకు కాదు. మనిషికి అండగా నిలిచేవి రెండు: సక్రమమైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంపివేసే ఆర్‌సీసీబీ. బట్టలుతికే యంత్రం ఉన్న ప్రతి ఇంటా ఈ రెండూ ఉండవలెనని మా విజ్ఞప్తి.

యంత్రాన్ని విప్పదలచినవారు ఈ క్రమాన్ని పాటించాలి. స్విచ్చు ఆర్పడంతో సరిపెట్టక ప్లగ్గును ఊడబెరకాలి. ఊడదీసిన ప్లగ్గును మన కంటి ఎదుటనే, పొడి చోట ఉంచుకోవాలి. ఇంట్లో మరొకరు వచ్చి తెలియక తిరిగి గుచ్చే అవకాశం ఉండరాదు. తొట్టిలోని నీరంతా వదిలివేయాలి. యంత్రాన్ని పొడి నేలకు జరపాలి. పొడి చెప్పులు ధరించాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. ఈ వ్యాసంలో మేము వివరించే కొలతలన్నీ ప్లగ్గు తీసివేసిన యంత్రంపైననే చేయదగినవి. సరఫరా ఉండగా యంత్రం లోపల చేయవలసిన పరీక్ష ఏదైనా ఉంటే అది శిక్షణ పొందిన ఎలక్ట్రీషియనుకు వదలవలసిన పని.

మోటారు ఎందుకు తిరుగుతుంది?

మన ఇళ్ళలో విస్తారంగా కనిపించేది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ యంత్రం. ఇందులో రెండు మోటార్లు ఉంటాయి. ఒకటి ఉతికే తొట్టి అడుగున ఉన్న పల్సేటరు చక్రాన్ని బెల్టు ద్వారా ఇటూ అటూ తిప్పుతుంది. రెండవది బట్టలు పిండే తొట్టికి సరిగ్గా కిందనే ఉండి, దానిని ఒకే దిశలో వేగంగా తిప్పుతుంది. రెండూ ఒకే ఫేజు సరఫరాతో నడిచే ఇండక్షన్ మోటార్లు. రెండింటికీ కెపాసిటర్ అవసరం. ఆ అవసరం ఏమిటో తెలిస్తే లోపాన్ని పట్టుకోవడంలో సగం పని పూర్తయినట్లే.

కాలితో తొక్కే కుట్టుమిషనును గుర్తుకు తెచ్చుకోండి. తొక్కుడు పలక పైకీ కిందికీ ఊగడమే తప్ప చక్రాన్ని ఏ వైపుకు తిప్పాలో తానుగా నిర్ణయించలేదు. అందువల్లనే దర్జీ మొదట చేతితో చక్రాన్ని తన వైపుకు ఒకసారి తిప్పుతాడు; చలనం అందుకొన్న తర్వాత కాలు చాలు. ఒకే ఫేజు విద్యుత్తు పుట్టించే అయస్కాంత క్షేత్రం కూడా ఆ తొక్కుడు పలక వంటిదే. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది గాని తిరగదు. కాలంలో కొంత వెనుకముందులుగా ఉన్న రెండు ప్రవాహాలను రెండు చుట్లలో పారిస్తే తిరిగే క్షేత్రం ఏర్పడుతుందని 1888లో ఇటలీలో గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా వేర్వేరుగా వెల్లడించారు. మన యంత్రంలో ఒక చుట్టలోని ప్రవాహాన్ని రెండవదానికంటె ముందుకు జరిపి ఆ తేడాను కల్పించేదే కెపాసిటర్. కుట్టుమిషను దగ్గర దర్జీ చేయి చేసే పనిని ఇక్కడ కెపాసిటర్ చేస్తున్నదన్నమాట.

కెపాసిటర్ బలహీనపడితే క్షేత్రం ఊగుతుంది గాని తిరగదు. మోటారు 'గుయ్' మని మూలుగుతూ నిలిచిపోతుంది. అలా నిలిచిపోయిన మోటారు మామూలుకంటె అనేక రెట్లు ఎక్కువ కరెంటు తీసుకొంటుంది. వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. తిరుగుడు లేదు గనుక గాలి చల్లదనమూ ఉండదు. నిర్ణీత పరిమితికి పైబడిన ప్రతి 10 డిగ్రీల వేడికీ ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి తగ్గుతుందన్నది మన వృత్తిలో ప్రసిద్ధమైన లెక్క. మూలిగే మోటారును "కాసేపుంటే అదే తిరుగుతుందిలే" అని వదిలివేయడమంటే చిన్న దోషాన్ని చేజేతులా పెద్దది చేసుకోవడమే. మూలుగు వినగానే వెంటనే ఆర్పాలి.

వోల్టేజీ సంగతి కూడా ఇక్కడనే చెప్పుకోవాలి. ఇండక్షన్ మోటారు లాగే శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది. 230 వోల్టులు రావలసిన చోట 180 మాత్రమే వస్తే మోటారు బలం దాదాపు 61 శాతానికి పడిపోతుంది. వేసవి సాయంత్రాలలో తిరగనని మొరాయించి, తెల్లవారుజామున చక్కగా తిరిగే యంత్రంలో లోపం వెదకడానికి ముందు గోడలోని వోల్టేజీని ఎలక్ట్రీషియను చేత కొలిపించడం వివేకం.

విప్పక ముందు

యంత్రాన్ని రోజూ నడిపేవారి చెవికి తెలిసినది మెకానిక్కు మీటరుకు తెలియకపోవచ్చు. కావున ముందుగా ఇంట్లో ఆ పని చూసుకొనేవారిని అడిగి ఈ వివరాలు రాసుకోవాలి. ఒక తొట్టి ఆగిందా, రెండూ ఆగాయా? పూర్తి నిశ్శబ్దమా, మూలుగా? ఆగిపోయే ముందు వాసన వచ్చిందా? కింద నీరు కారుతున్నదా? ఖాళీగా తిరిగి, బట్టలు వేస్తే ఆగుతున్నదా? ఈ సమాధానాలు దారి చూపుతాయి.

రెండు తొట్లూ నిశ్శబ్దంగా ఉంటే రెండు మోటార్లూ ఒకేసారి చెడిపోయి ఉండడం అరుదు. దోషం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉండాలి: సాకెట్టు, ప్లగ్గు, సరఫరా వైరు, యంత్రంలోని ఫ్యూజు. మరొక ఉపకరణాన్ని అదే సాకెట్టుకు తగిలించి చూడడం మొదటి పరీక్ష.

పిండే తొట్టి మాత్రమే నిశ్శబ్దంగా ఉంటే మూత కింది స్విచ్చును, పిండే టైమరును అనుమానించాలి. మూత తెరిస్తే తొట్టి ఆగాలన్న రక్షణ కోసం ఆ స్విచ్చు మోటారుకు వరుసలో ఉంటుంది. దానిని తప్పించి నేరుగా కలిపివేసే 'ఉపాయం' కొందరు చెబుతారు. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగే తొట్టిలో పిల్లల చేయి పడకుండా కాపాడుతున్నది ఆ చిన్న స్విచ్చేనని మరువరాదు.

ఉతికే తొట్టి ఒక దిశలో చక్కగా తిరిగి, రెండవ దిశ వంతు రాగానే నిశ్శబ్దమైతే మోటారు నిర్దోషి. ఏలనంటే ఏ దిశలో తిరిగినా దానిలోని రెండు చుట్లూ పనిచేయవలసిందే. అపుడు దోషం టైమరులోని ఆ దిశ కాంటాక్టులోనో, అక్కడి నుండి వచ్చే వైరులోనో ఉంటుంది. రెండు దిశలలోనూ మూలుగు మాత్రమే వినవస్తే కెపాసిటర్, లేదా ఎక్కడో పట్టివేసిన యాంత్రిక భాగం, లేదా తెగిన ఒక చుట్ట కారణం కావచ్చు.

మూలిగే మోటారుకు చేతితో ఒక తోపు ఇచ్చి, తిరిగితే కెపాసిటర్ పోయిందని చెప్పే అలవాటు మెకానిక్కులలో ఉంది. సూత్రరీత్యా అది సరియైనదే. దర్జీ చేసేదీ అదే. కాని సరఫరా ఉన్న యంత్రంలో చేయి పెట్టి చేసే పరీక్ష గనుక ఇంట్లో ఎవరూ దానిని చేయరాదు. అదే సమాధానాన్ని మీటరు ఏ ప్రమాదమూ లేకుండా చెబుతుంది.

వెనుక పలక విప్పిన తర్వాత

ప్లగ్గు తీసి, పలక విప్పి, మొదట చేతులు కట్టుకొని కళ్ళతో చూడాలి. కింది భాగం తెరచి ఉన్న యంత్రాలలోనికి ఎలుకలు చేరడం మన దేశంలో సర్వసాధారణం. కొరికిన వైర్లు, గూడు కట్టిన గుడ్డ పీలికలు, నల్లబడిన కనెక్టర్లు, తెగిన లేక వదులైన బెల్టు, నీటి చారలు, తుప్పు - వీటిలో సగం లోపాలు టార్చిలైటు వెలుగులోనే బయటపడతాయి. విప్పే ప్రతి వైరు రంగునూ, స్థానాన్నీ ముందే కాగితంపై గీసుకోవాలి.

తర్వాత చేతితో తిప్పి చూడాలి. బెల్టు తీసివేసి ఉతికే మోటారు కప్పీని తిప్పితే సాఫీగా తిరగాలి. మోటారు సాఫీగా తిరిగి, పల్సేటరు వైపు బిగుసుకొని ఉంటే అక్కడ చిక్కుకొన్న గుండీనో, నాణెమునో, పాడైన బేరింగునో వెదకాలి. పిండే తొట్టి విషయంలో బ్రేకును చూడాలి. మూత వేసినపుడు ఒక సన్నని తీగ బ్రేకు పట్టీని వెనుకకు లాగి వదిలిస్తుంది. మూత తీయగానే పట్టీ బిగిసి తొట్టిని ఆపుతుంది. ఆ తీగ సాగినా, కొక్కెం నుండి జారినా, మూత వేసినప్పటికీ బ్రేకు వదలదు. మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, నింద మాత్రం మోటారుపై పడుతుంది.

కెపాసిటర్ పరీక్ష

రెండు తొట్ల యంత్రాలలో ఉతికే మోటారుకు సుమారు 10 మైక్రోఫారడ్లు, పిండే మోటారుకు సుమారు 5 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు తరచుగా కనిపిస్తాయి. కొన్నింటిలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. విలువ యంత్రాన్నిబట్టి మారుతుంది గనుక డబ్బాపై ముద్రించినదే ప్రమాణం.

ముట్టుకొనే ముందు దానిలోని ఆవేశాన్ని ఖాళీ చేయాలి. మోటారు చుట్లు బాగున్న పక్షంలో సరఫరా ఆగగానే ఆ ఆవేశం చుట్ల గుండానే ఖర్చయిపోతుంది. చుట్ట తెగి ఉంటే నిలిచిపోతుంది. చుట్ట తెగినదా లేదా అన్నదే మనకింకా తెలియదు. కాబట్టి ఆవేశం ఉన్నదనే భావించి వ్యవహరించాలి. 10 వేల ఓముల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ గల క్లిప్పులతో రెండు కొనల మధ్య కొన్ని సెకన్లు ఉంచితే చాలు. 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అర సెకనులోనే దాదాపు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత మీటరుతో వోల్టేజీ సున్నా అని చూసుకోవాలి. స్క్రూడ్రైవరుతో రెండు కొనలనూ కలిపి 'ఠప్' మనిపించే పద్ధతి కంటికీ చేతికీ కెపాసిటరుకూ కూడ మంచిది కాదు.

ఒక కొనను యంత్రపు వైర్ల నుండి విడదీసి, మల్టీమీటరును కెపాసిటెన్సు కొలిచే స్థానంలో ఉంచి చదవాలి. డబ్బాపై సాధారణంగా 5 శాతం హెచ్చుతగ్గులు అనుమతించినట్లు రాసి ఉంటుంది. అంటే 10 మైక్రోఫారడ్లకు 9.5 నుండి 10.5 వరకు సమ్మతమే. 8 వచ్చినా, 3 వచ్చినా మార్చవలసిందే. డబ్బా ఉబ్బినా, పగిలినా, నూనె వంటి ద్రవం కారినా మీటరు చెప్పేదాకా ఆగనక్కరలేదు. ముల్లు మీటరుతో ఓముల స్థానంలో చేసే పాత పరీక్ష, ముల్లు ఎగిరి వెనుకకు రావడం, కెపాసిటర్ పూర్తిగా తెగిపోలేదని, పూర్తిగా షార్టు కాలేదని మాత్రమే చెబుతుంది. బలం ఎంత తగ్గిందో చెప్పదు.

కొత్తది కొనేటప్పుడు మైక్రోఫారడ్ల విలువ పాతదానితో సమానంగా ఉండాలి. వోల్టేజీ పాతదానికి సమానంగా గాని ఎక్కువగా గాని, సాధారణంగా 440 వోల్టుల ఏసీ, ఉండాలి. "కొంచెం పెద్దది వేస్తే బలంగా తిరుగుతుంది" అనే మాటను నమ్మరాదు. అదనపు కరెంటుతో చుట్ట వేడెక్కి, కొన్ని నెలలలో మోటారు నిజంగానే కాలుతుంది.

వైండింగు పరీక్ష

ఇపుడు మోటారు వంతు. మోటారు నుండి సాధారణంగా మూడు వైర్లు వస్తాయి. కెపాసిటరును విడదీసి, వైర్లను జంటలు జంటలుగా ఓములలో కొలవాలి. మూడు జంటలకు మూడు విలువలు వస్తాయి. ఉతికే మోటారు రెండు దిశలలోనూ సమానంగా తిరగాలి గనుక దాని రెండు చుట్లూ ఒకే తీరున ఉంటాయి. ఉదాహరణకు రెండు జంటలకు 20 ఓముల చొప్పున వస్తే మూడవ జంటకు 40 రావాలి. పెద్ద విలువ వచ్చిన జంటలో లేని మూడవ వైరే ఉమ్మడి వైరు. పిండే మోటారు చుట్లు సమానంగా ఉండనవసరం లేదు. ఒకటి 30, మరొకటి 50 అయితే మూడవ జంట 80 చూపాలి. ఈ అంకెలు లెక్క బోధపడడానికి ఇచ్చినవే. మోటారును బట్టి మారుతాయి. మారనిది కూడిక మాత్రమే.

ఒక జంటకు విలువ వచ్చి మిగిలిన రెండింటికీ అనంతం వస్తే ఒక చుట్ట తెగినది. ఉమ్మడి వైరుతో కూడిన రెండు జంటలకూ అనంతం వచ్చి, చుట్ల రెండు కొనల మధ్య మాత్రం సరైన విలువ వస్తే చుట్లు రెండూ క్షేమమే. ఉమ్మడి వైరు గాని, దానిలో ఉన్న థర్మల్ ప్రొటెక్టరు గాని తెరుచుకొని ఉంటుంది. అది వేడికి తెరుచుకొని, చల్లారితే తనంతట తాను కలిసే రకం కావచ్చు. కావున వేడి మోటారును కొలిచి తీర్పు చెప్పరాదు. ఒక గంట చల్లారనిచ్చి మళ్ళీ కొలవాలి. సమానంగా ఉండవలసిన చుట్లలో ఒకటి స్పష్టంగా తక్కువ చూపి, మాడిన వాసన కూడ ఉంటే లోపలి చుట్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయని భావించవచ్చు.

చివరిది, అన్నింటికన్న ముఖ్యమైనది, ఇన్సులేషన్ పరీక్ష. మోటారు వైర్లన్నింటినీ యంత్రం నుండి విడదీసి, ప్రతి వైరుకూ మోటారు లోహపు ఒంటికీ మధ్య 500 వోల్టుల మెగ్గరుతో చూడాలి. ఒక మెగోముకు తక్కువైతే ఆ మోటారును వాడరాదు. మామూలు మల్టీమీటరు ఈ పనికి చాలదు. అది ఏ విలువనైనా చూపితే ప్రమాదం రూఢి అయినట్లే. ఏమీ చూపకపోయినంత మాత్రాన క్షేమమని కాదు. యంత్రం ముట్టుకొంటే 'జివ్వు' మంటున్నదని చెప్పేవారు ఈ పరీక్ష జరిగే వరకు ఆ యంత్రాన్ని వాడకూడదు.

ఒక ఉదాహరణ

మా సహోద్యోగి ఒకరి ఇంట పిండే తొట్టి మూలుగుతూ ఆగిపోయింది. చూడవచ్చిన మెకానిక్కు రెండు నిమిషాలలో మోటారు మార్చాలని తేల్చి, వెల చెప్పి వెళ్ళాడు. నెలాఖరు రోజులు, ఆ ఇంట పసిబిడ్డ, మంచం పట్టిన వృద్ధురాలు. రోజుకు రెండు తొట్ల బట్టలు చేతితో ఉతికి పిండవలసి వచ్చిన గృహిణి మణికట్టు వాచిపోయింది. మేము వెళ్ళి వరుసగా కొలిచాము. 5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 4.9 చూపింది. చుట్ల కూడిక సరిపోయింది. మెగ్గరు పరీక్షలో మోటారు ఆరోగ్యంగా ఉన్నది. విద్యుత్తు పరంగా ఏ దోషమూ లేనపుడు దోషం యాంత్రికమై ఉండాలి. బ్రేకు వదులుతున్నది, అయినా తొట్టి చేతితో తిప్పితే బరువుగా కదిలింది. తొట్టిని పైకి తీసి చూడగా, దాని అడుగున, ఇరుసు చుట్టూ తాడులా బిగుసుకొని, పసిబిడ్డ మేజోడు ఒకటి కనిపించింది. బట్టలపై వేయవలసిన ప్లాస్టిక్ మూతపళ్ళెం వాడకపోవడంతో అది తొట్టి అంచు దాటి కిందికి జారింది. దానిని కత్తిరించి తీయగానే యంత్రం తిరిగింది. ఖర్చు ఏమీ కాలేదు.

ఇక్కడ మెకానిక్కును దూషించడం మా ఉద్దేశం కాదు. కొలతలు లేని తీర్పు ఎవరిదైనా ఊహయే. ఆ ఊహకు వెల చెల్లించేది మాత్రం ఇంటివారు.

మోటారు నిజంగానే చెడిపోతే

అపుడు మార్చవలసిందే, కాని ఎందుకు చెడినదో తెలుసుకొన్న తర్వాతనే. పిండే తొట్టి కింది రబ్బరు సీలు చిరిగితే సబ్బునీరు సరిగ్గా మోటారుపైననే పడుతుంది. సీలు మార్చకుండా మోటారు మార్చితే కొత్తది కూడ తడిసి పోతుంది. అలాగే బ్రేకు, కెపాసిటర్, బేరింగు వీటిని సరిచేయకుండా కొత్త మోటారు బిగించరాదు. చిన్న మోటార్లకు రీవైండింగు ఖర్చు కొత్తదాని వెలలో సగానికి మించితే కొత్తది తీసుకోవడమే మేలు. రీవైండింగు చేయించినపుడు రాగి తీగతోనే చేయించి, బిగించే ముందు పైన చెప్పిన కూడికను, మెగ్గరు పరీక్షను అక్కడనే చూపమని అడగాలి.

పూర్తి ఆటోమేటిక్ యంత్రాల విషయం

పైనుండి బట్టలు వేసే ఆటోమేటిక్ యంత్రాలలో అనేకం ఇదే కెపాసిటర్ మోటారుతో, బెల్టుతో నడుస్తాయి. పై పరీక్షలు వాటికీ వర్తిస్తాయి. ముందునుండి బట్టలు వేసే పాత యంత్రాలలో కార్బన్ బ్రష్షుల మోటారు ఉండవచ్చు. బ్రష్షులు అరిగినపుడు నిప్పురవ్వలు, మాడు వాసన, ఉండి ఉండి ఆగిపోవడం కనిపిస్తాయి. బ్రష్షులను ఎల్లపుడూ జతగానే మార్చాలి.

ఇన్వర్టర్ యంత్రాల తీరు వేరు. వాటి మోటారుకు మూడు ఫేజుల చుట్లు ఉంటాయి. మూడు జంటల విలువలూ సమానంగా రావాలి. అయితే వాటిని నడిపే ఎలక్ట్రానిక్ పలకలోని కెపాసిటర్లు 300 వోల్టులకు మించిన డీసీ ఆవేశాన్ని ప్లగ్గు తీసిన తర్వాత కూడ కొన్ని నిమిషాలపాటు నిలుపుకోగలవు. ఈ యంత్రాల ముఖంపై కనిపించే లోపసంకేతాన్ని రాసుకొని, వాడుక పుస్తకంలో దాని అర్థం చూసి, సేవాకేంద్రానికి తెలపడం వరకే ఇంటివారి పని.

చివరగా

మరమ్మతు ముగిసిన తర్వాత పలక బిగించకుండా ప్లగ్గు పెట్టరాదు. ఎర్తు వైరును, అది ఆకుపచ్చనిదై ఉంటుంది, తిరిగి దాని చోటనే బిగించామని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. మొదట ఖాళీగా, పిమ్మట నీటితో, ఆ తర్వాత కొద్ది బట్టలతో నడపాలి. ఆర్‌సీసీబీపై ఉన్న పరీక్ష బొత్తాన్ని నొక్కి, అది పడిపోతున్నదో లేదో చూసుకోవాలి.

కర్మాగారంలో ప్రతి యంత్రానికీ ఒక చరిత్ర పత్రం ఉంటుంది. ఇంటి యంత్రానికి కూడ అటువంటిదొకటి ఏర్పరచుకోండి. చిన్న కాగితంపై మార్చిన తేదీ, కెపాసిటర్ విలువ, చుట్ల ఓములు రాసి, వెనుక పలకకు లోపలివైపున, నీరు తగలని చోట అంటించండి. ఈసారి యంత్రం ఆగినపుడు "మోటారు కాలిపోయిందండీ" అన్న మాట వినవస్తే, ఆ కాగితాన్ని చూపి, "ఇదివరకు ఇంత ఉన్నది, ఇపుడెంత ఉన్నదో కొలిచి చెప్పండి" అని అడగవచ్చు. ఇంజనీరు కానివారు సైతం అడగదగిన ప్రశ్న ఇది. సరియైన మెకానిక్కు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు.

వచ్చే సంచికలో ఇంటి నీటి పంపు మోటారు గురించి ముచ్చటిస్తాము.